ఫ్లెక్సీకి అంచు మడత, ఐలెట్లు: మా బల్ల మీద పని ఇలా జరుగుతుంది

మా షాపులో ప్రింటింగ్ మిషను మా మరిది చూసుకుంటాడు, ఫినిషింగ్ బల్ల నాది. కాకినాడలో ఫ్లెక్సీలు రాకముందు నేను టైలరింగ్ చేసేదాన్ని. గుడ్డ బ్యానర్లకు అంచులు కుట్టి, కర్ర దూర్చడానికి జేబులు పెట్టి ఇచ్చేదాన్ని. ఆ అలవాటు వల్లేమో, ప్రింటు ఎంత అందంగా వచ్చినా నా కళ్లు ముందు అంచు మీదకే పోతాయి. కొత్తగా షాపు పెట్టుకున్నవాళ్లు, పనిలో చేరిన కుర్రాళ్లు ఎక్కువగా అడిగేదీ ఈ పని గురించే. అందుకే తెలిసినంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు అడగాల్సింది

ఆర్డరు తీసుకునేటప్పుడు సైజు అడుగుతారు, ఫొటోలు అడుగుతారు, పేర్లు ఏ వరసలో రావాలో పదిసార్లు అడుగుతారు. ఎక్కడ కడతారు, దేనికి కడతారు అన్నది మాత్రం చాలామంది అడగరు. ఫినిషింగ్ మొత్తం ఆ జవాబు మీదే ఉంటుంది.

చెక్క రీపర్ల ఫ్రేముకు పిన్నులు కొట్టి బిగించే ఫ్లెక్సీకి మడత అక్కర్లేదు, ఐలెట్లు, అంటే తాడు దూర్చే చిల్లులకు బిగించే లోహపు రింగులు, అసలే అక్కర్లేదు. నాలుగు వైపులా రెండు మూడు అంగుళాల తెల్ల భాగం వదిలితే ఫ్రేము వెనక్కి తిప్పి పిన్ను కొట్టుకుంటారు. దానికి ఐలెట్లు కొడితే పని దండగ, పైగా చిల్లులు ఫ్రేము అంచున కనబడతాయి. కల్యాణ మండపం లోపల స్టేజీ వెనక కట్టేదానికి గాలి బాధ లేదు, పైన పైపు దూర్చే జేబు ఉంటే చాలు. రోడ్డు మీద రెండు సరుగుడు కర్రల మధ్యో, మేడ పిట్టగోడకో తాళ్లతో కట్టేవాటికే నాలుగు వైపులా మడత, ఐలెట్లు కావాలి.

గాలి ఎంత లాగుతుందో ఒకసారి లెక్క వేసి చూడండి. కట్టడాల మీద గాలి బరువు లెక్కగట్టే ఐఎస్ 875 ప్రమాణంలో సూత్రం తేలికే. గాలి వేగం సెకనుకు ఎన్ని మీటర్లో ఆ సంఖ్యను దానితోనే హెచ్చవేసి, మళ్లీ 0.6తో హెచ్చవేస్తే చదరపు మీటరు మీద పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. గంటకు 54 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకు 15 మీటర్లు. వాన ముందు వచ్చే ఈదురుగాలికి ఆ వేగం పెద్ద లెక్క కాదు. దాని ఒత్తిడి 135 న్యూటన్లు. 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న ఫ్లెక్సీ అంటే 18.6 చదరపు మీటర్లు. మొత్తం మీద సుమారు 250 కిలోల బరువు లాగినట్టు. చుట్టూ రెండడుగులకొక ఐలెట్ చొప్పున 30 ఐలెట్లు కొట్టి, అన్నిటినీ కడితే ఒక్కోదాని మీద ఎనిమిది తొమ్మిది కిలోలు పడతాయి. నాలుగు మూలలే కట్టి వదిలేస్తే ఒక్కో మూల మీద అరవై కిలోలు దాటిపోతుంది. మూల ఊడొచ్చిందంటే ఐలెట్ నాసిరకం అని మన మీదకే వస్తారు.

అదే ప్రమాణంలో విశాఖపట్నం, విజయవాడలకు లెక్కలోకి తీసుకోమన్న గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44. ఆ గాలికి ఏ ఫ్లెక్సీ ఆగదు. స్తంభాన్నో పిట్టగోడనో లాక్కుని పడే బదులు, అది చిరిగిపోవడమే నయం. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు ఎవరైనా ‘గట్టిగా చేసివ్వండి’ అంటే, కట్టడం వాయిదా వేసుకోమనే చెబుతాను.

సైజు లెక్క ప్రింటుకు ముందే

కస్టమర్ చెప్పే సైజు కట్టాక కళ్లకు కనబడే సైజు. మడత దానికి అదనం. నేను ఒక్కో వైపు ఒకటిన్నర అంగుళం తీసుకుంటాను. అంటే 10 బై 4 ఫ్లెక్సీకి 10 అడుగుల 3 అంగుళాలు, 4 అడుగుల 3 అంగుళాలు కావాలి. 4 అడుగుల రోలు మీద ఇది పట్టదు, 5 అడుగుల రోలు ఎక్కించాలి. లేదా కనబడే వెడల్పు 3 అడుగుల 9 అంగుళాలకు తగ్గుతుందని ముందే చెప్పాలి. ఈ మాట డెలివరీ అప్పుడు చెబితే గొడవే.

మడత ఎప్పుడూ వెనక్కే. ముందుకు మడిస్తే చూడ్డానికి బాగుండదు సరే, కింది అంచు తొట్టిలా తయారై వాన నీళ్లు నిలుస్తాయి. వెనక్కి మడిచినప్పుడు వెనక భాగం వెనక భాగానికే అంటుకుంటుంది కాబట్టి ఇంకు అతుకు మధ్యకు రాదు. అందుకని మడత దాకా తెల్లగా వదిలేయక్కర్లేదు. బ్యాక్‌గ్రౌండ్ రంగు మడత గీత దాటి పావు అంగుళం లోపలికి పోనివ్వండి. చెయ్యి కొంచెం అటూ ఇటూ అయినా అంచున తెల్ల గీత కనబడదు. మడత గీత ఎక్కడో తెలిసేలా నాలుగు మూలల్లో సన్నటి గుర్తులు పెట్టమని డిజైన్ చేసే అబ్బాయికి చెప్పండి. ఫ్లెక్సీ అంతా పరిచి టేపుతో కొలిచే పని తప్పుతుంది.

రెండు ముక్కలు కలిపి పెద్దది చేసేటప్పుడు మాత్రం కథ వేరు. పై ముక్క వెనక భాగం కింది ముక్క ప్రింటు మీద కూర్చుంటుంది, ఇంకు మధ్యలో పడుతుంది. పట్టు తగ్గిపోతుంది. కింది ముక్కలో ఒకటిన్నర అంగుళం పట్టీ ప్రింటు లేకుండా తెల్లగా వదలాలి. అడ్డంగా వచ్చే అతుకైతే ఎత్తున ఉండే ముక్క అంచు ఎప్పుడూ ముందు వైపుకు, కింద ఉండే ముక్క మీదకు రావాలి, అప్పుడే నీళ్లు అతుకులోకి దిగకుండా జారిపోతాయి.

ఎన్నికల సీజనులో ఇంకొకటి. ప్రజా ప్రాతినిధ్య చట్టం, 1951లోని 127ఎ సెక్షన్ ప్రకారం ఎన్నికల పోస్టర్ల మీద ప్రింటరు, పబ్లిషరు పేర్లు, అడ్రసులు ఉండాలి. మనవాళ్లు ఆ లైను ఫ్లెక్సీ కింది అంచుకు ఆనించి చిన్న అక్షరాల్లో పెడతారు. మడత వేశాక అది కాస్తా వెనక్కి పోతుంది. ఫ్లెక్సీ బల్ల మీదకు రాగానే నేను ముందు చూసేది ఆ లైను మడత గీతకు పైన ఉందా లేదా అని.

అంచు మడవడం

సాల్వెంట్ ఇంకు ప్రింటు మిషను మీద నుంచి దిగగానే మడత పెట్టకండి. నల్లరంగు, ముదురు ఎరుపు దట్టంగా పడినచోట పైకి ఆరినట్టే ఉంటుంది, చుడితే ఒకదానికొకటి అంటుకుంటుంది. వేలాడదీసి ఫ్యాను వెయ్యండి. వీలైతే రాత్రంతా వదిలెయ్యండి. తర్వాత పొడి గుడ్డతో వెనక భాగం తుడవండి. థిన్నరు గుడ్డ ప్రింటు వైపు తగిలిందా, రంగు గుడ్డకు వచ్చేస్తుంది.

ఎక్కువ షాపుల్లో గమ్ముతోనే పని. బ్రష్షుతో పలచగా, రెండు వైపులా రాయాలి. చెయ్యి తగిలిస్తే జిగటగా ఉండి వేలికి అంటుకోని దశ వచ్చాక మడిచి, గుడ్డతో లోపలి నుంచి అంచు వైపు గట్టిగా రుద్దాలి. మందంగా రాస్తే ఎక్కువ పట్టుకుంటుందనుకుంటారు. జరిగేది వేరు: గమ్ములోని ద్రావకం ఫ్లెక్స్ పొరను మెత్తబరిచి ముందు వైపు ముడతలు తెస్తుంది. పూర్తి బలం రావడానికి ఒక రోజు పడుతుంది కాబట్టి సాయంత్రం అంటించి రాత్రికే కట్టే పనులకు గమ్ము నమ్మకండి. కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర్లో అగరొత్తి కూడా వద్దు. మా బల్ల ఉన్న గదిలో దేవుడి పటం అవతలి గదిలోకి మార్చింది ఇందుకే.

నాకు ఇష్టమైంది వేడి గాలి ఊదే హీట్ గన్. ఇంటి మరమ్మతులకు వాడే గుండ్రటి మూతి గన్ కాదు, ఒకటిన్నర అంగుళాల బల్లపరుపు మూతి ఉండాలి. దానితోపాటు సిలికాన్ రోలరు. ఫ్లెక్స్ అంటే రెండు పీవీసీ పొరల మధ్య పాలియెస్టర్ దారాల వల. వేడికి పీవీసీ పొరలు మెత్తబడి ఒకటైపోవాలి, లోపలి దారం మాత్రం కాలకూడదు. మన దగ్గర తిరిగే సరుకు 220 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువో ఆ లెక్క) నుంచి 440 దాకా రకరకాలుగా ఉంటుంది, కాబట్టి అన్నిటికీ ఒకే వేడి పనికిరాదు. నేను 400 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, అదే రోలు తుక్కు ముక్క మీద ముందు చూసుకుంటాను. పలచటి సరుకైతే వేడి తగ్గిస్తాను, లేదా చెయ్యి వేగంగా నడుపుతాను.

మడతను ముందుగా చేత్తో నొక్కి గీత పడేలా చేసుకోండి. గుడ్డకైతే పిన్నులు పెడతాం. ఫ్లెక్స్‌కు పిన్ను పెడితే చిల్లు అలాగే ఉండిపోతుంది. రెండు చివరలా, మధ్యలో ఇనుప బరువులు పెట్టండి. కుడిచేతి వాటం వాళ్లయితే గన్ ఎడమ చేతిలో, రోలరు కుడి చేతిలో. గన్ మూతి రెండు పొరల మధ్యకు పోవాలి, రోలరు దాని వెనక అంగుళం దూరంలో నొక్కుకుంటూ రావాలి. మెత్తబడిన పొర కొద్దిగా తళతళలాడుతుంది, ఆ క్షణంలోనే రోలరు దాని మీద పడాలి. పొగ వచ్చిందంటే కాలుతోందన్నమాట. పీవీసీ మాడితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది. ముక్కు, గొంతు మండుతాయి. ఎగ్జాస్ట్ ఫ్యాను లేని గదిలో ఈ పని రోజంతా చెయ్యకండి.

అతుకు చల్లారే దాకా కదపొద్దు. వేడి మీద లాగితే ఆ అంచు సాగి, మిగతా ఫ్లెక్సీ సాగక, గౌను కింద ఫ్రిల్లులా అలలు తేలుతుంది. ఒకసారి సాగిన అంచును మళ్లీ సరిచేయడం ఉండదు.

పట్టిందో లేదో చూడడానికి తుక్కు ముక్కను చల్లారాక మూల నుంచి విడదీయండి. రెండు పొరలు శుభ్రంగా, ఏ గుర్తూ లేకుండా విడిపోతే అతుకు పడలేదు. పైకి బాగానే కనబడుతుంది, మొదటి గాలికే నోరు తెరుస్తుంది. పీవీసీ పొర చిట్లి లోపలి దారాల వల తెల్లగా బయటపడితే అదే మంచి అతుకు. అంటే సరుకు చిరిగింది గానీ అతుకు ఊడలేదు. ఈ పరీక్షకు అర నిమిషం పట్టదు. కొత్త రోలు విప్పిన ప్రతిసారీ చెయ్యాలి, ఎందుకంటే ఒకే పేరుతో వచ్చే సరుకు కూడా ఒక్కో లోడుకు ఒక్కో రకంగా ఉంటుంది.

డబుల్ సైడ్ టేపు చిన్న బ్యానర్లకు, హాలు లోపల పనికి చాలు. మండుటెండలో దాని జిగురు జారుతుంది. మే నెలలో రోడ్డు మీద కట్టేవాటికి నేను వాడను.

ఇక కుట్టు. నేను టైలర్నే అయినా ఫ్లెక్స్‌ను కుట్టను. గుడ్డకు కుట్టు ఎంత చిన్నదైతే అంత బలం. ఫ్లెక్స్‌కు చిన్న కుట్టు అంటే వరసగా చిల్లులు పొడిచినట్టే, ఆ వరసెంబడే చిరుగుతుంది. తప్పదంటే పొడవాటి కుట్టు, పాలియెస్టర్ దారం వాడాలి. కాటన్ దారం ఎండకూ వానకూ తొందరగా పుచ్చిపోతుంది. 2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి విశాఖ సభలో రాష్ట్రమంతటా ఫ్లెక్సీల నిషేధం ప్రకటించినప్పుడు షాపులన్నిటికీ టెన్షన్ పట్టుకుంది గానీ, మూలన పడేసిన కుట్టుమిషను దుమ్ము దులిపి నేను మాత్రం లోలోపల సంతోషించాను. గుడ్డ బ్యానరుకు కుట్టును మించింది లేదు.

పైపు జేబు

జేబు వెడల్పు పైపు వ్యాసం చూసి పెడితే పైపు దూరదు. చుట్టుకొలత చూడాలి. ఒకటిన్నర అంగుళాల పైపు చుట్టుకొలత 4.7 అంగుళాలు, అందులో సగం 2.4. వదులుకు కలిపి 3 అంగుళాల జేబు పెట్టి, అతుకుకు ఇంకో అంగుళం కలిపితే ఆ వైపు 4 అంగుళాలు అదనంగా వదలాలి. పైపు మీద బయటి కొలత వేరు, లోపలి కొలత వేరు. బయటిదే అడగండి.

మూలలు

పొడవు వైపులు ముందు, పొట్టి వైపులు తర్వాత మడవాలి. మూలల్లో నాలుగు పొరలు పడతాయి. ఆ మందానికి గన్ వేడి లోపలిదాకా పోదు, అందుకని లోపలికి వెళ్లే పొర కొసను ఏటవాలుగా కత్తిరిస్తాను. మరీ ఎక్కువ కోస్తే మూల బలం పోతుంది. ఐలెట్ పడేచోట కనీసం మూడు పొరలు మిగలాలి. పెద్ద ఫ్లెక్సీలకు తుక్కు ముక్క నుంచి అరచేతి వెడల్పు త్రికోణం కోసి మూల వెనక అతికిస్తాను. కస్టమర్ చూడడు, డబ్బులూ అడగను. బల్ల కింద తుక్కు ఎలాగూ కుప్పలుగా ఉంటుంది.

ఐలెట్లు

ఐలెట్ రెండు ముక్కలు: మెడ ఉన్న రింగు, వెనక వాషరు. మా ఊళ్లో సముద్రపు గాలి కాబట్టి పూత వేసిన ఇనుప ఐలెట్లు వానాకాలం గడవకముందే తుప్పు పట్టి, ప్రింటు మీద ఎర్రటి చారలు దిగుతాయి. వారం రోజుల పుట్టినరోజు ఫ్లెక్సీకి ఫరవాలేదు. నెలల తరబడి ఉండే షాపు బోర్డుకు అల్యూమినియం గానీ ఇత్తడి గానీ వాడండి.

చిల్లు మెడ కంటే కొంచెం చిన్నదిగా ఉండాలి. మెడను బలవంతంగా దూర్చితే ఫ్లెక్స్ దాన్ని బిగించి పట్టుకుంటుంది. చిల్లు పెద్దదైతే లాగినప్పుడు బరువంతా ఒక వైపే పడి చిరుగు మొదలవుతుంది. స్క్రూ డ్రైవరుతో పొడవడం, ఇనుప చువ్వ కాల్చి గుచ్చడం వద్దు. పొడిస్తే చిల్లు అంచున చీలికలు వస్తాయి, కాలిస్తే చుట్టూ గట్టిపడి పెళుసవుతుంది. పంచ్ కింద చెక్క దిమ్మ పెట్టి ఒక్క దెబ్బకు కొయ్యాలి. చిల్లు మడత మధ్యలో, రెండు పొరలూ తెగేలా పడాలి. ఒకటిన్నర అంగుళాల మడతకు అంచు నుంచి ముప్పావు అంగుళం సరిపోతుంది. వెనక తిప్పి చూడకుండా కొడితే కొన్ని చిల్లులు ఒకే పొరలో పడతాయి, చూసుకోండి.

మెడ రింగు ప్రింటు వైపు నుంచి పెట్టి, వెనక వాషరు వేసి, ప్రెస్సు దించాలి. సరిగ్గా పడితే మెడ చుట్టూ సమంగా ముడుచుకుని గుండ్రటి పెదవిలా కనబడుతుంది. నక్షత్రంలా చీలితే డై (ప్రెస్సులో ఐలెట్‌ను నొక్కే అచ్చు) అరిగింది, లేదా డై సైజూ ఐలెట్ సైజూ కలవలేదు. వేలితో వాషరు తిప్పి చూడండి. తిరిగితే వదులు. మరీ గట్టిగా దించితే రింగు అంచే ఫ్లెక్స్‌ను గుండ్రంగా కోసేస్తుంది. అప్పుడు ఏమీ తెలియదు, కట్టి లాగినప్పుడు రింగు చేతికి వస్తుంది.

దూరం లెక్కకు ముందు నాలుగు మూలలూ కొట్టెయ్యండి. తర్వాత మిగిలిన పొడవును సమానంగా పంచాలి. 10 అడుగుల వైపు మూల ఐలెట్ల మధ్య 118న్నర అంగుళాలు ఉంటాయి. ఐదు భాగాలు చేస్తే ఒక్కోటి 23.7 అంగుళాలు. రెండడుగులు రెండడుగులు అని ఒక చివర నుంచి కొట్టుకుంటూ పోతే రెండో చివర తేడా వస్తుంది. టేపు లేకపోతే రెండు మూలల ఐలెట్లను ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్య మడత దగ్గర గుర్తు పెట్టండి. మళ్లీ సగం చేస్తే రెండున్నర అడుగులకొకటి వస్తుంది. మామూలు గాలికి అది చాలు. మేడ మీద, బీచ్ రోడ్డులో అయితే చాలదు.

కట్టేవాళ్లకు చెప్పి పంపాల్సినవి

‘గాలి పోవడానికి మధ్యలో కోతలు పెట్టండి’ అని ప్రతి రెండో కస్టమరూ అడుగుతాడు. నేను పెట్టను. నాలుగు అర్ధచంద్రాల కోతలతో తగ్గే గాలి చాలా తక్కువ. ప్రతి కోత చివరా మాత్రం చిరుగు మొదలవడానికి ఒక చోటు దొరుకుతుంది. గాలి ఎక్కువైతే సైజు తగ్గించుకోవాలి, లేదా జాలీలాంటి మెష్ ఫ్లెక్స్ వాడాలి.

వదులుగా కట్టిన ఫ్లెక్సీ టపటపా కొట్టుకుని ఐలెట్ల దగ్గరే అరిగిపోతుంది. పైన మొదట కట్టి, కింద లాగి, పక్కలు చివర బిగించాలి. ప్రతి ఐలెట్‌కు విడిగా తాడు వెయ్యాలి. జీఐ వైరుతో, అంటే జింకు పూత వేసిన ఇనుప తీగతో కడితే వైరు ఐలెట్‌ను కోస్తుంది, పైగా కరెంటు తీగకు తగిలితే ప్రాణం తీస్తుంది. 2020 సెప్టెంబరులో కుప్పం దగ్గర అభిమాన నటుడి పుట్టినరోజుకు పాతికడుగుల ఎత్తున బ్యానరు కడుతూ కరెంటు షాకుకు ముగ్గురు చనిపోయారు. అందుకే ఎత్తైన ఫ్లెక్సీ ఆర్డరు ఇచ్చినవాళ్లను పైన తీగలు ఉన్నాయా అని అడుగుతాను. ఉన్నాయంటే ఎత్తు తగ్గించి వెడల్పు పెంచుకోమంటాను. చదరపు అడుగులు అవే, రేటూ అదే.

పంపేటప్పుడు మడతలు పెట్టకండి. ప్రింటు బయటికి వచ్చేలా అట్ట గొట్టానికి చుట్టండి. సైజు, ఐలెట్ల సంఖ్య, ఏ వైపు పైకి అన్నది చీటీ రాసి అంటించండి. కట్టేవాళ్లు చీకట్లో నిచ్చెన మీద ఉంటారు, తలకిందులుగా విప్పితే మళ్లీ దిగాలి.

కోతల కాలంలో రైతులు పాత ఫ్లెక్సీలు తెచ్చి కళ్లంలో ధాన్యం మీద కప్పుకోవడానికి ఐలెట్లు కొట్టమంటారు. రంగు వైపు ధాన్యానికి తగలకుండా పైకి ఉండాలని చెప్పి కొట్టిస్తాను. ముందు మాత్రం ఒక మూల మడిచి గోటితో గీకుతాను. ఎండకు పెళుసెక్కి పొర లేచిపోతుంటే దానికి ఐలెట్లు కొట్టను, టార్పాలిన్ కొనుక్కోమంటాను.